నగరి నాగవేణి గెలిచిన కేసు

మురుగేష్ శవం కంటే ముందు కట్టెల ట్రాక్టరు వచ్చింది. నగరిలో మరమగ్గాలు ఆడే ఆ సందులోకి ట్రాక్టరు పట్టదు. డ్రైవరు మొగదలలోనే ఆపి, "ఎవురింట్లోప్పా సావు?" అని అడిగాడు. మా వీధిలో ఎవరూ పోలేదని జనం చెప్పారు. నాగవేణి అప్పుడు షెడ్డులో తెగిన పోగు ముడేస్తోంది. ముందురోజు పొద్దున, విచారించి పంపిస్తామని పక్క మండలం పోలీసులు తీసుకుపోయిన ఆమె కొడుకు ఇంకా ఇంటికి రాలేదు. కాసేపటికి ఆసుపత్రి బండిలో వచ్చాడు.

మూర్ఛ వచ్చి పడిపోయాడన్నారు. శవపరీక్ష కూడా అయిపోయిందన్నారు. ఇరవై ఏళ్లు పెంచిన తల్లికి ఆ పిల్లవాడికి మూర్ఛ ఉన్న సంగతి అప్పుడే తెలిసింది.

ఇద్దరు కానిస్టేబుళ్లు వీధి అరుగు మీద కూర్చున్నారు. సాయంత్రంలోగా దహనం ముగించాలని, ఖర్చు తమదేనని ఎస్సై దయానంద్ చెప్పి పంపించాడు. నాగవేణికి భర్త లేడు. ఇంటి పెద్దరికం మరిది చెంగల్రాయుడిది, వీధిలో కులపెద్ద కూడా అతనే. అతను కట్టెలను ఎగాదిగా చూశాడు.

"ఇవి యాలబ్బా? పెండ్లిగాని పిల్లోణ్ణి కాల్చే ఆనవాయితీ మాకు ల్యా. మట్టి ఇయ్యాల."

"కాల్చమని సార్ సెప్పినాడు పెద్దాయనా."

"అట్లయితే మీ సార్‌నే వచ్చి కొరివి పెట్టమను. మా కులంలో ఎవురూ పెట్టరు."

కానిస్టేబులు ఫోను చేశాడు. ఎస్సై అప్పుడు ఏ పనిలో ఉన్నాడో, ఏదో ఒకటి చీకటి పడేలోగా ముగించండని విసుక్కున్నాడు. అతను ఈ ప్రాంతం వాడు కాదు, ఇక్కడి ఆనవాయితీలు తెలియవు. మట్టిలో పెట్టినదాన్ని మళ్లీ తీయవచ్చన్న ఆలోచన అతనికి తట్టలేదు. మురుగేష్‌ను ఏటి ఒడ్డున పూడ్చారు. మిగిలిపోయిన కట్టెలు అద్దకం షెడ్డులో రంగు కొప్పెర కింద మండాయి. ఆ వారం అద్దిన లుంగీలకు వీధిలో పోలీసు లుంగీలని పేరు పడింది.

మర్నాడు పేపర్లో 'మోటార్ల దొంగ మృతి' అని వచ్చింది. మగ్గాల మోటార్లు మాయమవుతున్న మాట నిజమే. వాటిని మురుగేష్ దొంగిలించాడన్నది మాత్రం ఎస్సై మాట. కొడుకు పోయిన దుఃఖానికి నలుగురూ వచ్చి పక్కన కూర్చున్నారు. ఈ మాటకు ఎవరూ పక్కన కూర్చోలేదు. నాగవేణి నీళ్లకు పోతే కొళాయి దగ్గర మాటలు ఆగిపోయేవి. కొడుకు ఎట్లాగూ తిరిగి రాడు, కానీ ఆ మాట పోవాలి, దాన్ని పుట్టించినవాడు జైలుకు పోవాలి. ఆమెకు కావలసింది ఇంతే, ఇందులో పిసరంత కూడా తగ్గనంది.

ఎస్సై తరఫున రాజీకి వచ్చినవాళ్లు తగ్గించాలనే చూశారు. "డబ్బు తీసుకో నాగవేణమ్మా, పోలీసోళ్లతో మనకెందుకు తొందరవు, తంటా?" అన్నారు.

"నా కొడుకు దొంగ కాదని మీ ఎస్సై చేత సెప్పించి, ఆనాక తీసుకరండి డబ్బు," అంది.

వాళ్లు మళ్లీ రాలేదు. చిత్తూరు కోర్టులో పనిచేసే గీతాంజలి అనే లాయరు పేరు ఎవరో చెబితే, నాగవేణి బస్సెక్కి పోయి ఆమెను కలిసింది. లాయరమ్మ అంతా విని ఒకే ప్రశ్న వేసింది.

"కాల్చినారా అక్కా, పూడ్చినారా?"

"పూడ్సినాం."

గీతాంజలి కుర్చీలోంచి లేచింది. "అయితే కేసుండాది," అంది.

హైకోర్టు నుంచి ఉత్తర్వు రావడానికి ఎండాకాలం గడిచిపోయింది. శవాన్ని వెలికితీసి, తిరుపతి డాక్టర్లతో మళ్లీ పరీక్ష చేయించాలన్నది ఉత్తర్వు. అసలు గండం అప్పుడు ఇంట్లోనే వచ్చింది.

"మట్టి ఇచ్చిన బిడ్డను లేపుతారా ఎవురైనా? ఇంటికి అరిష్టం వదినా," అన్నాడు చెంగల్రాయుడు. "కులంలో నేను తలెత్తుకోవాలనా, వద్దా?"

"నువ్వు తలెత్తుకుంటావు సెంగల్రాయా. వాడు దొంగగానే పండుకోనుండాడే, వాడెట్ల ఎత్తుకుంటాడు?"

"పొరుగోళ్లు ఏమనుకుంటారు?"

"ఇప్పుడేమనుకుంటా ఉండారో నీకు తెల్దా? ఇంకా పెరుగుతాదా?"

చెంగల్రాయుడు అన్నం ముందు నుంచి లేచిపోయాడు. తహసీల్దారు, డాక్టర్లు, కెమెరా పట్టుకున్న మనిషి ఏటి ఒడ్డుకు వచ్చినప్పుడు నాగవేణి ఒక్కతే ఉంది. తవ్వేవాళ్లు పార ఎత్తబోతుంటే వెనక నుంచి "ఆగండప్పా" అని అరుపు వినిపించింది. చెంగల్రాయుడు తలస్నానం చేసి, తడి పంచెతో, చేతిలో కర్పూరంతో వస్తున్నాడు. ఎవరినీ అడగకుండా మట్టి మీద కర్పూరం వెలిగించి, పిల్లవాణ్ణి నిద్ర లేపినట్టే పిలిచాడు.

"లెయ్ రా మురుగేషా. పనుండాది. సాచ్చం సెప్పల్ల నువ్వు."

మొదటి పార మట్టి అతనే తీశాడు.

మురుగేష్ సాక్ష్యం చెప్పాడు. పక్కటెముకలు విరిగి ఉన్నాయి. కుడి చెయ్యి రెండు చోట్ల విరిగింది. పాదాల్లో చిన్న ఎముకలు నలిగి ఉన్నాయి. మూర్ఛ వచ్చి పడితే ఇట్లా విరగవని డాక్టర్లు రాసి సంతకాలు పెట్టారు. ఆ తర్వాత స్టేషన్లో అంతవరకూ నోరు విప్పని ఒక హోంగార్డు విప్పాడు. దయానంద్, అతనితో పాటు ఇద్దరు కానిస్టేబుళ్లు అరెస్టయ్యారు. మోటార్ల దొంగలు పలమనేరు దగ్గర వేరే కేసులో దొరికారు.

ఏళ్ల తరబడి సాగిన విచారణలో ఎస్సై తరఫు లాయరు నాగవేణిని బోనులో నిలబెట్టి, చిరునవ్వుతో మొదలుపెట్టాడు.

"నష్టపరిహారం కోసమే కదమ్మా ఈ కేసు?"

"అవును సార్, దానికి గూడా. మీరు ఫీజు లేకుండా వచ్చినారా?"

కోర్టు హాల్లో నవ్వులు లేచాయి. జడ్జి బల్ల మీద చేత్తో తట్టాడు, కానీ ఆయన మీసం కూడా కదిలిందని బంట్రోతు తర్వాత చెప్పాడు. లాయరు గొంతు సవరించుకుని శవం వెలికితీత మీదికి పోయాడు. కన్నతల్లివై ఉండి, డబ్బుకు ఆశపడి బిడ్డను తవ్వించావా అన్నాడు.

"మేము తవ్వినాం సార్. సంపింది వాళ్లు. మీరు దేనికి కోపం తెచ్చుకుంటా ఉండారో నాకు తెలవడంల్యా."

ఆ లాయరు ఇంక ప్రశ్నలు లేవని కూర్చున్నాడు.

తీర్పు రోజు వీధిలో మగ్గాలు ఆపి, జనం బస్సు నిండా చిత్తూరు వచ్చారు. జడ్జి చదవడం మొదలుపెట్టాడు. ముగ్గురూ నేరస్థులే. ముగ్గురికీ యావజ్జీవం. తల్లికి ప్రభుత్వం పరిహారం చెల్లించాలి, ఆ మొత్తాన్ని నేరం చేసినవాళ్ల నుంచే రాబట్టుకోవాలి. దయానంద్ రెయిలింగు పట్టుకుని నిలబడ్డాడు. జడ్జి కాగితం తిప్పి, ఇంకో ముక్క చదివాడు: మురుగేష్ మీద పెట్టిన దొంగతనం కేసు కల్పితం, అతడు ఏ నేరమూ చేయలేదు.

నాగవేణి లాయరమ్మ చెయ్యి గిల్లింది. "ఆ ముక్క ఇంకోతూరి సదవమను."

"అట్లా అడగరాదక్కా. జడ్జిగారాయన."

నాగవేణి లేచి నిలబడింది. "సార్, కడాన సదివింది ఇంకోసారి సదవండి సార్. మా మరిదికి మగ్గాల మోతకు సెవులు పోయినాయి, వినపళ్లేదంట."

బంట్రోతు ఒక అడుగు ముందుకు వేసి ఆగాడు. జడ్జి కళ్లజోడు పైనుంచి ఆమెను చూశాడు, చెంగల్రాయుణ్ణి చూశాడు. తర్వాత కాగితం వెనక్కి తిప్పి, గొంతు పెంచి, ఒక్కో మాటా విడగొట్టి మళ్లీ చదివాడు. వరండాలో నిలబడినవాళ్లకు కూడా వినిపించింది. కిటికీ అవతల ఎవరో ఈల వేశారు.

మెట్లు దిగుతుంటే చెంగల్రాయుడు నిలదీశాడు.

"నా సెవులకేమొచ్చింది వదినా? సూది పడినా వినపడతాదే! కోర్టులో అబద్ధం సెప్తివే!"

"వాళ్లు ఇన్నేండ్లు సెప్పినారు. నేనొకటి సెప్తే కోర్టు పడిపోతాదా?" అంది నాగవేణి. "నడువు, ఆకలేస్తా ఉండాది. బిర్యానీ తిందాం. పెద్ద ప్లేటు."