వేడినీళ్ళ కుళాయి

ఈ ఎడారి నగరంలో ఉమ్ ఘువైలినా పేటకు వెళ్ళే బస్సులో పక్క సీటతని ఒళ్ళో రాగి పైపు చుట్ట ఉంది. ఏసీ రిపేరు డ్యూటీయా అని అడిగాను.

"కాదన్నా. మరిగిన బార్లీ నీళ్ళల్ల దీన్ని ముంచి, పైపుల చన్నీళ్ళు వదుల్త. జల్ది చల్లారితేనే బీరు మంచిగైతది," అన్నాడు మెల్లగా.

ఈ దేశంలో బీరు కాస్తున్నట్టు బయటపడితే జైలే. నాకెందుకు చెప్పాడో అర్థం కాలేదు.

"ఈ ఎండల్లో కుళాయి నీళ్ళే కాలిపోతాయి. చన్నీళ్ళెక్కడివండీ?"

"గీజర్ బంద్ పెట్టి వేడినీళ్ళ నల్లా తిప్పు. పైన ట్యాంకు ఎండకు కాగుతది గని, గీజర్ల నీళ్ళు ఏసీ రూముల నీడకుంటయ్."

స్టాపులో పోలీసు కనబడగానే చుట్ట నా ఒళ్ళో పెట్టి దిగిపోయాడు.

ఈ వేసవికీ నేను వేడినీళ్ళ కుళాయి తిప్పే చన్నీళ్ళు పోసుకుంటున్నాను. చుట్ట మంచం కింద ఉంది. ఎక్కడ పారేయాలో తెలియడం లేదు.