మేకలు కూడా ముట్టని కాకరకాయలు

ఈ రోజు పొద్దున ఫ్రిజ్ కడుగుతుంటే అడుగున పండి పగిలిన కాకరకాయలు అరకిలో దాకా బయటపడ్డాయి. ఎప్పటిలాగే మా వీధి చివర మేకలు పెంచే యాదమ్మను పిలిచి సంచి ఇచ్చాను. ఆమె లోపలికి తొంగి చూసింది.

"గివి మేకలు గూడ ముడుతలేవక్కా. వారం వారం గివే పారేస్తున్నరు, మరెందుకు కొంటున్నరు?"

"మా ఆయనకిష్టం" అన్నాను.

ఆయన మొన్న ఎండాకాలంలో పోయారు. నేను, మా అమ్మాయి కాకరకాయ తినం. యాదమ్మ సంచి తీసుకుని వెళ్లింది. నాకు ఏడుపు కూడా రాలేదు.

సాయంత్రం నల్గొండ రైతుబజారులో, రోజూ కొనే కూరగాయలామె నేనడగకుండానే కాకరకాయలు తూచింది. వద్దనడానికి నోరు రాలేదు. తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టాను.

తినేవాళ్లు లేకపోయినా, మీ ఇంట్లోకి ఇంకా వస్తున్నదేమిటి?