పాట తెగినచోటు

ఉపేందర్‌రావుకు బెల్లంపల్లిలో ఉన్నది ఒక్కడే స్నేహితుడు. ఆ ఒక్కడితోనూ ఆరేళ్లు మాట్లాడలేదు. కారణం వింటే నవ్వుతారు. ఒక ఇంగ్లీషు పాట ఎక్కడ అయిపోయిందనే దగ్గర ఇద్దరికీ పొసగలేదు. నవ్వండి, నేనూ నవ్వినవాణ్నే. ఆ నవ్వు సంగతికి తర్వాత వస్తాను.

నా పేరు కైలాసం. బొగ్గుబాయి మీద బత్తుల గదిలో మేమిద్దరం పద్దెనిమిదేళ్లు పక్కపక్కనే పని చేశాం. బాయిలోకి దిగేవాళ్ల టోపీలకు బత్తులివ్వడం, పైకొచ్చాక తీసుకుని చార్జింగుకు పెట్టడం మా నౌకరీ. ఉపేందర్‌రావుది చొప్పదండి దగ్గర భూములున్న కుటుంబం. డిగ్రీ చదవమని హైదరాబాదు పంపితే డిగ్రీ అక్కడే విడిచిపెట్టి, హాస్టల్లో ఎవరో అంటించిన పాటల పిచ్చిని మాత్రం భద్రంగా వెంట తెచ్చుకున్నాడు. బాయి నౌకరీలో చేరాడని వాళ్ల బాపు గడప తొక్కొద్దన్నాడు. పెళ్లి ఊసెత్తేవాళ్లు లేకపోయారు. ఒక గది క్వార్టరు, ఒక టేప్‌రికార్డరు, అదే సంసారం.

ఆ పాటల్ని నేనూ విన్నాను. డ్రమ్ములు దడదడ, గిటార్లు కీచుకీచు, మధ్యలో ఎవడో గొంతు చించుకోవడం. మా క్వార్టర్ల లైన్లో వాటికి రంపం పాటలని పేరు. ఊరు మొత్తం మీద వాటిని ఇష్టపడి వినే రెండో మనిషి ఇబ్రాహీం. బజార్లో అతనికి క్యాసెట్లు నింపే దుకాణం ఉండేది. చీటీ మీద పాటలు రాసిస్తే టేపు నింపి, చీటీ దానికే చుట్టి పెట్టేవాడు. ఒకసారి బొంబాయి పోయినప్పుడు బావమరిది ఇంట్లో ఉన్న రంపం పాటల పెద్ద రికార్డును గంట టేపు మీదికి ఎక్కించుకొచ్చాడు. ఆ టేపు వీళ్లిద్దరికీ వేదమైపోయింది.

ప్రతి ఆదివారం దుకాణంలో పంచాయితీ. మూడో పాటే కిరీటమని ఉపేందర్‌రావు, డిక్షనరీ ముందేసుకుని మాటలకు అర్థం చెప్పేవాడు. మాటలు పక్కన పెట్టి గిటార్ ఏమంటుందో వినమని ఇబ్రాహీం. అతనికి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు, కానీ ఆఖరి పాట ముందు మిగతావన్నీ బలాదూర్ అని కొట్టిపారేసేవాడు. ఆ ఆఖరి పాట జోరు మీదుండగానే ఠక్కున తెగిపోతుంది. వెంటనే టేపు కూడా అయిపోయి బటను పైకి లేస్తుంది. బాయిలో కప్పు కూలినట్టు అట్లా ఆపడమే ఆ పాట గొప్పతనమని ఇబ్రాహీం వాదన. ఉపేందర్‌రావుది బత్తుల గది బుద్ధి. చార్జింగు అయిపోతే బత్తి ఆరుతుంది, టేపు అయిపోతే పాట ఆగుతుంది, అందులో గొప్పేముందని అతని వాదన. రెండేళ్లు ఇది నవ్వుకుంటూనే సాగింది.

ఎనభై ఐదులో ఒక వానాకాలపు ఆదివారం, దుకాణం నిండా పెళ్లి క్యాసెట్ల గిరాకీ ఉంది. ఆ జనం ముందు ఉపేందర్‌రావు నోరు జారాడు.

"భాయ్, నీకు టేపు కొలిచి నింపుడు రాదు. ఒప్పుకో."

క్యాసెట్లు నింపేవాణ్ని పాట తెగ్గొట్టావనడం దర్జీని గుడ్డ చెడగొట్టావనడం లాంటిదే. ఇబ్రాహీం మొహం మాడిపోయింది. నేను ఊరుకున్నా పోయేది. పకపకా నవ్వాను. నన్ను చూసి దుకాణమంతా నవ్వింది.

"నా దుకాణంల ఇయ్యాల్టి దాంక ఒక్క పాట తెగలే, సాబ్," అని మెల్లగా అన్నాడు ఇబ్రాహీం. తర్వాత గిరాకీ వైపు తిరిగాడు.

వచ్చే ఆదివారం ఉపేందర్‌రావు పోయి మాట వెనక్కి తీసుకుంటాడనుకున్నాను. పోలేదు. బజారుకు వేరే గల్లీ పట్టాడు. నేను పోరుపెడితే, ముందు ఆయన్నే పిలవమను అన్నాడు. క్వార్టర్లో, ఇబ్రాహీం అప్పట్లో తనకు నింపిచ్చిన నకలు టేపు వేసుకుని, ఆఖరి పాట రాగానే ఆపేసేవాడు. ఒకరోజు నన్ను కూర్చోబెట్టి మూడో పాట వినిపించి, ఎట్లుందని అడిగాడు. కుక్కలు కొట్లాడినట్టుందన్నాను. టేపు తీసి పెట్టెలో పెట్టాడు. అప్పుడు నాకు అర్థం కాలేదు, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

తొంభై ఒకటిలో ఇబ్రాహీం దుకాణంలోనే గుండె పట్టుకుని కూలబడ్డాడు, మళ్లీ లేవలేదు. ఖబ్రస్తాన్‌లో ఉపేందర్‌రావు అందరికంటే వెనుక, గోడ వారగా నిలబడ్డాడు. ఎవరూ అతన్ని పలకరించలేదు.

భర్త పోయినందుకు ఇద్దత్ పాటించిన నాలుగు నెలల పది రోజులు ఇబ్రాహీం భార్య బిస్మిల్లా బీ గడప దాటలేదు. గడువు తీరిన తర్వాత ఆమె మొదట చేసిన పని, జనం తీసుకుపోని క్యాసెట్లను సంచిలో వేసుకుని ఇల్లిల్లూ తిరగడం. ఆదివారం మధ్యాహ్నం మా లైనుకొచ్చింది. నేను ఉపేందర్‌రావు గదిలోనే ఉన్నాను.

"ఎవరి సొమ్ము, ఎవరి అమానత్ వాళ్లకు చేరాలె భయ్యా, లేకుంటె ఆయన మీద బరువుంటది," అని ఒక టేపు చేతిలో పెట్టింది. చుట్టిన చీటీ మీద ఉపేందర్ సాబ్ అని రాసి ఉంది. గొడవైన నెలకే దీనికోసమని ఇబ్రాహీం బొంబాయి పోయొచ్చాడట. ఆదివారం ఆదివారం దుకాణం మూసొచ్చి, సాబ్ ఇయ్యాల గూడ రాలే అనేవాడట.

అది తొంభై నిమిషాల టేపు. ఆమె పోయాక ఉపేందర్‌రావు ఆఖరి పాట పెట్టాడు. పాట అదే చోట ఠక్కున తెగింది. బటను లేవలేదు. టేపు నడుస్తూనే ఉంది, అందులోంచి టిక్కు టిక్కుమని చప్పుడొస్తోంది. పాటలన్నీ అయిపోయాక రికార్డు మీద ముల్లు ఊరికే తిరిగే చప్పుడు. పాట నిజంగా అక్కడే అయిపోయింది. ఎవరూ తెగ్గొట్టలేదు. అది రుజువు చేయడానికి ఇబ్రాహీం పావుగంట సేపు ఆ ముల్లును అట్లాగే తిరగనిచ్చాడు.

ఆ పావుగంటా ఉపేందర్‌రావు కదల్లేదు. కళ్లు కారుతుంటే తుడుచుకోలేదు. నా నవ్వు నాకు గుర్తొచ్చి తల దించుకున్నాను. చివరికి బటను లేచింది. అతను టేపు తిప్పి, మూడో పాట పెట్టి, అయ్యేదాకా విని, నావైపు చూశాడు.

"ఎట్లుంది, కైలాసం?"

మంచిగుందన్నాను. నిజంగానే అన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు.

"భాయ్ అయితె ఒప్పుకోకపోతుండె," అన్నాడు.