ఒకే రకం బియ్యం

మొన్న చీపురుపల్లి నుంచి ఆటోలో వస్తుంటే గెడ్డ నీళ్ళలో నార కోసం నానేసిన గోగు కట్టలు ఊరిన వాసన కొట్టింది. ఈ రోజుల్లో గోగు వేసేవాళ్ళే తగ్గిపోయారు. ఆ వాసన తగిలి చాలా కాలమైంది. పక్కన కూర్చున్న నా మనవరాలు చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని, "అబ్బా, ఏటి నాయనమ్మా ఈ కంపు?" అంది. కుళ్ళిన ఆకు, బురద, పులిసిన నీరు కలిసిన వాసన అది. బట్టకు పట్టిందంటే ఒక ఉతుకుకు పోదు. నేను మాత్రం ముక్కు మూసుకోలేదు. ఆ వాసన వస్తే నాకు గుడిలో రొట్టె విరిచి నా అరచేతిలో పెట్టిన ఒక మనిషి వేళ్ళు గుర్తొస్తాయి. ఆ వెనకే ఆయన భార్య చేట, చేటలో వేరు వేరుగా పోసిన బియ్యం కుప్పలు గుర్తొస్తాయి.

ఆయన పేరు దేవసహాయం. మా ఊరి సంఘానికి పాస్టరు. ఆయనను అయ్యగారు అనేవాళ్ళం, ఆయన భార్య సుశీలమ్మను అమ్మగారు అనేవాళ్ళం. నేను ఆ ఊరికి కొత్త కోడలిగా వచ్చిన ఏడాదే వాళ్ళూ వచ్చారు. అంతకుముందు పాస్టర్లకు మిషను వాళ్ళు జీతం ఇచ్చేవారట. దొరలు సామాను సర్దుకుని పోతూ, ఇకనుంచి మీ పాస్టరును మీరే పోషించుకోండని చెప్పి పోయారు. ఆ మాట తరవాత మా ఊరికి వచ్చిన మొదటి పాస్టరు ఈయన. మాది మరీ లేని సంఘమేమీ కాదు. రోజుకూలీ వాళ్ళు ఉన్నారు, నిజమే. వాళ్ళు ఇవ్వగలిగింది ఇచ్చేవారు కూడా. కానీ సంఘ పెద్ద అయిన మా మావకు పల్లం భూమి ఉంది, రెండు జతల ఎడ్లు ఉన్నాయి. రైల్వే గ్యాంగులో పనిచేసేవాళ్ళు, బడిపంతుళ్ళు ఉన్నారు. ఇవ్వలేక ఇవ్వకపోవడం వేరు. మా ఊళ్ళో జరిగింది అది కాదు.

పాస్టరు పోషణకు మా దగ్గర పిడికెడు బియ్యం అనే పద్ధతి ఉండేది. ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన దేవుని కుండలో వేయాలి. ఆదివారం ఆ బియ్యం గుడ్డలో మూట కట్టి తెచ్చి, గుడిలో బల్ల ముందున్న బుట్టలో పోయాలి. ఎంత ఇవ్వాలని అడిగే పని లేదు, పిడికిలే కొలత. అయితే ఎవరి పిడికిలి అన్నది ఎవరూ చెప్పలేదు. అక్కడే మా అత్తకు బుద్ధి పుట్టింది. నేను కొత్తలో ఒకరోజు నిండా తీస్తుంటే చూసి, చెయ్యి పట్టుకుంది.

"ఒసే కోడలా, నీ సెయ్యి తియ్యి. బుల్లెమ్మ సేత్తో తీయించు. పసిబిడ్డ కానుకంటే పెబువుకి ఇష్టం."

బుల్లెమ్మ మా ఆడపడుచు కూతురు. అప్పుడప్పుడే నడక నేరుస్తోంది. "ఆ పిల్ల సేతిలో ఏటి పడతాదత్తా?" అన్నాను.

"పడ్డంతే పడతాది. అయ్యగారేటి, కొండెక్కి రాళ్ళు కొడతన్నాడేటి?"

ఆ మాట ఊళ్ళో అందరికీ బాగా నచ్చింది. కొద్దిరోజుల్లోనే ప్రతి ఇంట్లోనూ దేవుని కుండ దగ్గరకు పసిపిల్లల్ని తీసుకుపోవడం మొదలైంది. పిల్లలకు భక్తి నేర్పుతున్నామని చెప్పుకునేవారు. పిల్లలు లేని ఇళ్ళవాళ్ళు పక్కింటి నుంచి పిలిపించుకున్నారు. నవ్వకండి. నేను కళ్ళారా చూశాను.

ఆదివారం మధ్యాహ్నం అమ్మగారు ఆ బుట్టెడు బియ్యం ముందు వేసుకుని కూర్చునేవారు. ఆవిడది గోదావరి వైపు. సన్నటి మనిషి, గట్టిగా మాట్లాడేవారు కాదు. మూడో తరగతితో ఆగిపోయిన నా చదువు సంగతి తెలిసి, ఆ వేళకు నన్ను రమ్మనేవారు. పీట మీద బైబిలు తెరిచి పెట్టి, నేను కూడబలుక్కుని చదువుతుంటే వింటూ, తప్పు దిద్దుతూ, బియ్యం ఏరేవారు. ఈ నాలుగు ముక్కలు ఇవాళ రాస్తున్నానంటే ఆ పీట చలవే. చేటలో ఒక మూల ముతక బియ్యం, ఒక మూల సన్నబియ్యం, ఒక మూల ఉప్పుడు బియ్యం, మధ్యలో నూకలు. ఇన్ని ఇళ్ళ బియ్యం ఒకటిగా ఉండదు కదా.

"అన్నీ కలిపి వండీస్తే ఏటవుతాది అమ్మగారూ?" అని అడిగాను ఒకసారి.

"వండి చూశానమ్మా. నూక గంజిలో కలిసిపోతుంది. ఉప్పుడు బియ్యం పలుకు మీదే ఉంటుంది. ఆయన ఏమీ అనకుండా తినేస్తారు. ఆ ఏమీ అనకపోవడమే నాకు కష్టంగా ఉంటుంది."

ఒక వారం బుట్టలో ముక్కిపోయిన బియ్యం వచ్చింది. దాని వాసన నాకు తెలుసు. మా ఇంటి గాదె అడుగు వాసన అది. నేను చదవడం ఆపేశాను. అమ్మగారు నా మొహం చూసి, ఆ బియ్యాన్ని విడిగా కడుగునీళ్ళలో వేస్తూ, "ఎవరింటిదో అని చూడకు. చూస్తే వచ్చే ఆదివారం వాళ్ళ పక్కన కూర్చుని పాట పాడలేం" అన్నారు. అప్పటికి ఆవిడ చంకలో పిల్ల ఉంది. పాలు చాలక ఆ పిల్ల అస్తమానం ఏడ్చేది.

ఒక సాయంత్రం మా ఇంటి అరుగు మీద పెద్దలంతా కూర్చున్నారు. పాస్టరుకు నెలకు ఇంత అని జీతం కట్టాలా వద్దా అన్నది మాట. నేను తలుపు వెనక నిలబడి విన్నాను.

"జీతం అని పేరెట్టీసినామంటే పాలేరైపోతాడు గదరా. దేవుడి మనిసిని అలా సెయ్యొచ్చేటి? విశ్వాసంతో బతకాల" అన్నాడు మా మావ.

గ్యాంగులో పనిచేసే యోహాను ఊరుకునే మనిషి కాదు. "బావా, రైలోడు నాకు నెల తిరిగీసరికి జీతం ఇత్తన్నాడు. ఒరే యోహానూ, విశ్వాసంతో పట్టాలు సరిసెయ్యరా అంటే నానెళ్తానేటి?"

అందరూ నవ్వారు. మా మావ నవ్వలేదు. "నీది రైలు పని. ఆయనది పరలోకం పని."

"పరలోకం పని సేసీవోడికి ఆకలెయ్యదేటి?"

అప్పుడు అరుగు చివర కూర్చున్న అయ్యగారు గొంతు సవరించుకున్నారు. ఆయన తన గురించి తాను మాట్లాడటం అదే మొదలు. "ఎక్కువ అడగనండీ. ఇంత అని చెప్పండి, చాలు. తక్కువైనా సరే. ఇంత అని తెలిస్తే ఆవిడ దానికి తగ్గట్టు పొయ్యి వెలిగించుకుంటుంది."

చివరకు మా మావ, "ప్రార్థన సేద్దాం" అని మోకరించాడు. చాలాసేపు చేశాడు. అయ్యగారి విశ్వాసాన్ని పెంచమని ఆ ప్రార్థనలో దేవుణ్ణి అడిగాడు. అయ్యగారు కూడా ఆమేన్ అన్నారు. అందరూ లేచి దుమ్ము దులుపుకుని ఇళ్ళకు పోయారు. ఏ 'ఇంతా' తేలలేదు.

గోగు కోతలు అయ్యాక ఒకరోజు నేను బట్టలు ఉతకడానికి గెడ్డకు వెళ్ళాను. నాయుళ్ళ వీధి రైతు అప్పలనాయుడు గారి గోగు కట్టలు అక్కడ ఊరుతున్నాయి. నడుం లోతు నల్లటి నీళ్ళలో కూలీలు వరసగా నిలబడి నార తీస్తున్నారు. ఆ వరస చివర అయ్యగారు ఉన్నారు. చొక్కా లేదు, తలకు తుండు. నాయుడి పాలేరు నన్ను చూసి, "ఓలమ్మీ, మీ పంతులు నార బాగా తీత్తన్నాడే! మావోలికంటే జోరు" అని పళ్ళికిలించాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అయ్యగారు మాత్రం సిగ్గుపడలేదు. "సాయంత్రానికి కూలి చేతికి వస్తుందమ్మా. పిల్లకు పాలు పోయించుకోమని అమ్మగారికి చెప్పు" అన్నారు. ఆయన నవ్వుతున్నారు. ఆయన అలా పళ్ళు కనపడేలా నవ్వడం నేను చూసింది ఆ నీళ్ళలోనే.

ఆ ఆదివారం ప్రభువు బల్ల, పాస్టరు రొట్టె విరిచి అందరికీ పంచే రోజు. అయ్యగారు చేతులకు చింతపండు, బూడిద రాసి తోముకున్నారట. అయినా గోళ్ళ చుట్టూ నలుపు పోలేదు, వేళ్ళ సందులు ఒరిసి తెల్లగా పాసిపోయి ఉన్నాయి. రొట్టె పళ్ళెం పట్టుకుని వస్తుంటే ఆ వాసన ముందుగా వచ్చింది. ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. మా మావ దగ్గరకు వచ్చి రొట్టె అందిస్తే, మా మావ చెయ్యి చాపలేదు. తల పక్కకు తిప్పుకుని, లేచి బయటకు నడిచాడు. అయ్యగారు ఒక్క క్షణం ఆ ఖాళీ చోటు ముందు నిలబడి, తరవాత మనిషి దగ్గరకు వెళ్ళారు. నా వంతు వచ్చినప్పుడు నేను రెండు చేతులూ చాపాను.

కూడిక అయ్యాక మా మావ మళ్ళీ లోపలికి వచ్చాడు. "అయ్యగారూ, నాయుడోలు నవ్వతన్నారు. పంతులికి కూడెట్టలేని మతమేటిరా మీదని. మా పరువు గెడ్డలో ఊరబెట్టీసినారు మీరు."

"కూడు పెట్టలేదన్నది అబద్ధమా అండీ?"

ఆ గొంతు ఆడవాళ్ళ వైపు నుంచి వచ్చింది. భుజాన పిల్లతో అమ్మగారు నిలబడి ఉన్నారు. "సుశీలా" అన్నారు అయ్యగారు, అంతే. ఆవిడ కూర్చుండిపోయారు. అప్పటికప్పుడు పెద్దలు మాట ఇచ్చారు, ఇక కుండలు నిండుగా వస్తాయని. బదులుగా ఆయన దగ్గర మాట తీసుకున్నారు, ఇక కూలికి దిగనని. ఆయన తన మాట నిలబెట్టుకున్నారు. మా కుండలు కొన్నాళ్ళు నిండాయి, తరవాత మళ్ళీ బుల్లెమ్మ పిడికిలి మొదలైంది. తామూ పెట్టరు, సంపాదించుకు తిననివ్వరు. ఇంతకంటే పెద్ద పాపం నాకు బైబిల్లో ఎక్కడా కనపడలేదు.

ఆ క్రిస్మసుకు సంఘం మైకు సెట్టు అద్దెకు తెచ్చింది, నాయుళ్ళ వీధికి వినపడాలని. దానికి చందాలు ఇట్టే వచ్చాయి. ఆ మైకులో అయ్యగారు వాక్యం చెబుతూ మధ్యలో బల్ల అంచు పట్టుకుని కాసేపు ఆగారు. ఆత్మావేశం అనుకున్నారు అందరూ. ఆయన ఇంట్లో ముందురోజు ఏం వండారో నాకు తెలుసు, అందుకే నేను అలా అనుకోలేదు. పండగ వెళ్ళాక ఆ దంపతులు ఒక ట్రంకు పెట్టె, పిల్లతో చీపురుపల్లి స్టేషనుకు నడిచిపోయారు. ఆయన జనపనార మిల్లులో పనికి కుదిరారని తరవాత తెలిసింది. "సూసినారా, డబ్బు మీద ఆశ. దేవుడి పనొగ్గీసి జీతం పనికి పోనాడు" అన్నాడు మా మావ. అందరూ తలలు ఊపారు. యోహాను కూడా ఊపాడు.

కొన్నేళ్ళకు చీపురుపల్లి సంతలో అమ్మగారు కనపడ్డారు. నేను పరిగెత్తుకెళ్ళి చేతులు పట్టుకున్నాను. ఒళ్ళు కాస్త నిండింది. చేతిలో బియ్యం సంచి ఉంది. నాకేం మాట్లాడాలో తెలియక, "అయ్యగారు బాగున్నారేటి?" అన్నాను.

"బాగున్నారమ్మా. శనివారం శనివారం ఇంత అని వస్తుంది." సంచి మూతి విప్పి చూపించారు. "చూడు, అంతా ఒకే రకం. ఎసట్లో పోసి మరచిపోవచ్చు."

"గుడికెళ్తన్నారా?"

"ఆయన వెళ్తారు. మిల్లు పనివాళ్ళ ఇళ్ళ లైన్లలో ఆదివారం వాక్యం కూడా చెబుతారు, ఊరికే. నేను వెళ్ళను." సంచి మూతి మళ్ళీ కట్టుకున్నారు. "ఇంట్లో అన్నం వండుతాను. ఆ వేళకు నాకు అదే ప్రార్థన."

నాకు అక్షరం దిద్దించిన మనిషి, ఎవరింటి బియ్యమో చూడవద్దని నాకు చెప్పిన మనిషి, గుడి గడప తొక్కడం మానేసింది. ఆవిడను అక్కడనుంచి తరిమింది సైతానని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పిడికిళ్ళు తరిమాయి.

నన్ను ఊళ్ళో పిసినారి అంటారు. అననీ. కొత్తిమీర రెమ్మ దగ్గర కూడా బేరం ఆడతాను, చిరిగిన చీరతో బొంత కుడతాను, దీపం ఊరికే వెలగనివ్వను. కానీ పని చేసినవాడి కూలి పొద్దు గుంకేలోగా ఇస్తాను, ఎంత ఇస్తానో ముందే చెప్పి ఇస్తాను. ఈ మధ్య మా సంఘానికి కొత్తగా ఒక కుర్ర పాస్టరు వచ్చాడు, పెళ్ళాం, చంటిపిల్లతో. అదే అరుగు మీద అదే మాట మళ్ళీ వచ్చింది. ఇప్పుడు సంఘ పెద్ద నా పెద్దకొడుకు, బడిపంతులుగా చేసి పింఛను తీసుకుంటున్నవాడు. వాడి నోట్లోంచి వాళ్ళ తాత మాటే వచ్చింది, విశ్వాసంతో బతకాలని. ఆ తరవాత, "ప్రార్థన సేద్దాం" అన్నాడు. నేను తలుపు వెనకనుంచి బయటకు వచ్చాను. "ముందు ఇంత అని సెప్పరా. తరవాత సేద్దువు ప్రార్థన" అన్నాను. వాడు నా మొహం చూశాడు, కళ్ళు మూసుకున్నాడు, ప్రార్థన మొదలెట్టాడు. నేను కళ్ళు మూసుకోలేదు.

ఆ 'ఇంత' ఏమిటో మా సంఘం ఇప్పటికీ తేల్చలేదు. అందుకని నెల మొదట్లో మా ఇంటి బియ్యమే నూక లేకుండా చెరిగి, ఒకే రకం, ఆ కుర్రవాడి ఇంటికి పంపిస్తున్నాను. మొదటిసారి నేనే తీసుకెళ్ళాను. వాడు చేతులు జోడించబోయాడు. కసిరాను.

"దండమెట్టకు బాబూ. కూలికి దండమేటి?"