చిన్నాయన అడిగిన చిటికెడు

మొన్న దుప్పటి కొనడానికి ఎమ్మిగనూరులో ఒక మగ్గాల ఇంటికి వెళ్లాను. నేను చూస్తుండగానే మగ్గం మీద పోగు ఒకటి తెగింది. ఆ ఇంటి పెద్దాయన బొటనవేలికీ చూపుడువేలికీ కాస్త బూడిద అద్దుకుని, తెగిన కొసలు రెండూ కలిపి మెల్లగా నులిమాడు. పోగు అతుక్కుంది. నేను దుప్పటి మాట మరిచిపోయి ఆయన వేళ్లనే చూస్తూ నిలబడిపోయాను. "ఏమప్పా, అట్ల సూస్తాండావు?" అన్నాడాయన. ఆ నులమడం నేను అంతకుముందు ఆదోనిలో మా చిన్నాయన మంచం దగ్గర చూశాను.

చిన్నాయనకు ఒక పాత తెల్ల అంబాసిడర్ ఉండేది. ఆదోనికీ ఎమ్మిగనూరుకూ మధ్య బాడుగకు తిప్పేవాడు. పత్తి మిల్లుల షావుకార్లు, పెళ్లివాళ్లు, నూలు మూటలతో మగ్గాలవాళ్లు, అందరికీ అదే బండి. లోపల కూర్చుంటే పెట్రోలు వాసనా గంజి వాసనా కలిసి కొట్టేవి. చలికాలం పొద్దున చోక్ పిడి బయటికి లాగి తాళం తిప్పితే ఇంజను గబుక్కున లేచి, ఒకే తీరుగా, కాస్త వడిగా ఆడుతూ ఉండేది. చిన్నాయన యాక్సిలేటరు మీద కాలు పెట్టేవాడు కాదు. దిగి వచ్చి గడప మీద కూర్చుని టీ తాగేవాడు. ఇంజను వేడెక్కాక పోయి చోక్ లోపలికి నెడితే అది నెమ్మదించేది. "సూడు, సెప్పినట్ల ఇంటాది" అని మురిసిపోయేవాడు. బానెట్ మాత్రం ఎవరినీ ఎత్తనిచ్చేవాడు కాదు. నన్నెప్పుడూ ఇంత భద్రంగా చూసుకోలేదని చిన్నమ్మ దెప్పేది. అది నిజం కూడా.

పక్షవాతం వచ్చి ఆయనకు కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. కారు చాలాకాలం వాకిట్లోనే ఉండిపోయింది. చివరికి ఇంటి యజమానులు వాకిలి ఖాళీ చేయమన్నారు. పాత కార్లంటే మోజున్న ఒకాయన హొళగుంద నుంచి వచ్చి చూశాడు. "సోక్ గుంజితే కాలు పెట్టకుండా దానిపాటికి అది ఆడాల. అట్లయితే నేను సాక్కుంటా. లేకుంటే పాత ఇనుమోళ్లకు ఇయ్యండప్పా" అన్నాడు. మంచంలో ఉన్న చిన్నాయన ఆ మాట విన్నాడు. కారు బతకడమో ముక్కలవడమో ఇక చోక్ మీదే ఉంది.

తెలిసిన మేస్త్రీని పిలిపించాను. చోక్ తీగ కొత్తది వేశాడు, కార్బురేటరు విప్పి కడిగాడు. ఇంజను అందుకుంటుంది, రెండు దగ్గులు దగ్గి ఆరిపోతుంది. మేస్త్రీ లోపలికి వేలు పెట్టి చూపించాడు. "సోక్ గుంజితే దాంతోపాటే యాక్సిలేటరు రవ్వంత తెరుసుకోవాల. ఆ రెండిటి నడుమ కడ్డీ ఉండాల గదా, ఈడ ల్యా. ఇన్నాళ్లు ఎట్ల ఆడిందో మరి." ఆ కడ్డీ ఆదోనిలో దొరకలేదు. ఇనుప తీగ వంచి కట్టాడు. ఈసారి ఇంజను లేచింది గానీ, వేడెక్కి చోక్ లోపలికి నెట్టినా తీగ బిర్రుగా పట్టుకునే ఉండి, అరుపు తగ్గలేదు. తీగ కాస్త సడలిస్తే మళ్లీ ఆరిపోయింది. బానెట్ కింద మధ్యేమార్గమనేదే లేకపోయింది.

వసారాలో మంచం మీంచి చిన్నాయన కారునూ నన్నూ మార్చి మార్చి చూస్తూ, ఎడమచేతి బొటనవేలూ చూపుడువేలూ కలిపి నులుముతున్నాడు. చిన్నమ్మ వెంటనే పోల్చుకుంది. "నశ్యం అడుగుతాండాడు. నేనే గదా మాన్పించినా. పోనీలే, ఇప్పుడు యాల కాదనాల" అని తనే తెప్పించి చిటికెడు ఆయన ముక్కుకు అందించింది. ఆయన మంచం అదిరేలా తుమ్మి, మొహం తిప్పుకుని, మళ్లీ వేళ్లు నులిమాడు. "ఇంగా కావాలంట" అని చిన్నమ్మ ఇంకో చిటికెడు పట్టింది. నశ్యం కాదేమోనని నేను విభూతి తెచ్చి నుదుట పెట్టాను. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. దేవుడు గుర్తొచ్చాడని మేమంతా అనుకున్నాం.

ఇంజను దానిపాటికి అది ఆడకపోయేసరికి హొళగుంద ఆయన మర్యాదగా నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. పాత ఇనుమువాళ్లు వచ్చి, వీధిలోనే తలుపులు ఊడదీసి, కారును ముక్కలుగా ఎత్తుకుపోయారు. వాళ్ల బండి మలుపు తిరిగేదాకా చిన్నాయన వేళ్లు ఆడాయి. ఆ తర్వాత ప్రాణం పోయేదాకా ఆయన మళ్లీ చెయ్యి ఎత్తలేదు. నశ్యం మీద కోరిక తీరిందనుకుని చిన్నమ్మ డబ్బీ తీసి లోపల పెట్టేసింది.

మగ్గం ముందు నిలబడితే ఇప్పుడు తెలిసింది. కారులో ఆ కడ్డీ ఎన్నడో పోయి ఉంటుంది. చిన్నాయన తన బండి ఎక్కిన మగ్గాలవాళ్ల దగ్గర నూలు తీసుకుని, నాలుగు పేటలు నులిమి కడ్డీకి బదులు కట్టుకున్నాడు. చోక్ లాగితే పేట బిగిసి యాక్సిలేటరును లాగుతుంది, నెడితే వదులైపోతుంది. ఇనుప తీగకు ఆ వదులు తెలియదు. వాకిట్లో ఊరికే పడి ఉన్న రోజుల్లో దాన్ని ఎలుకలే కొరికాయో, అదే చివికిపోయిందో. బారెడు నూలు తెచ్చి ఆయన చేతికిచ్చినా సరిపోయేది.

దుప్పటి కొనుక్కుని ఆదోనికి వచ్చాను. పోయేముందు ఆయన అడిగిందైనా ఇచ్చి పంపినానని చిన్నమ్మ ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. ఆ రోజు కూడా ఎవరితోనో అదే చెబుతోంది. నేను దుప్పటి విప్పి ఆమె కాళ్ల మీద కప్పాను. అడిగినవాళ్లు పోయాక జవాబు తెచ్చి చేతిలో పెడుతుంది కాలం, అప్పుడు దాన్ని ఎవరికివ్వాలో తెలియదు.