ముందు వరసలో హినోకుమా గారు

బయటిదేశం వాళ్ళు డబ్బిచ్చి హినోకుమా గారి నోరు కట్టేశారని జపాన్‌లోని సువా సరస్సు ఒడ్డున ఊరి వేడినీళ్ళ స్నానశాలల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. "ఇరవై ఆరేళ్ళు అరిచినవాడు ఆ ఒక్క ఏడాదే ఎందుకు ఊరుకున్నాడంటావ్?" అంటారు.

హినోకుమా యసుజి గారు పదిహేనో ఏట మా కుట్టుమిషన్ల కంపెనీలో చేరారు. మిషన్లకు ఇనుము పోతపోసే షెడ్డులో మొదలుపెట్టి, వయసు మళ్ళాక ఆఫీసుకు వచ్చారు. జీతంలోంచి నెలనెలా కాసిని కంపెనీ వాటాలు కొనుక్కునేవారు. అందుకే ప్రతి జూన్‌లో వాటాదారుల సభలో ముందు వరస ఆయనది. అధ్యక్షుడు తీర్మానం చదవగానే "అభ్యంతరం లేదు!" అని అరవడం ఆయన వంతు. వెనకున్న ఉద్యోగులు అందుకునేవారు. అరగంటలో సభ అయిపోయేది.

హైస్కూలు మధ్యలో మానేసి నేనక్కడ టీలు అందించడానికి చేరాను. సభకు ముందురోజు రిహార్సల్ నాకు పండగలా ఉండేది.

"పోయినేడు మీ అరుపుకి పెద్ద డైరెక్టరు గారు టీ ఒలకబోసుకున్నారండీ," అనేవారు మేనేజరు తెరసావా గారు.

"ఆయన కునుకు తీస్తున్నారు. నేను లేపానంతే."

అందరూ నవ్వేవారు. "ఏమ్మా సుజూ, వెనక గోడదాకా వినబడిందా?" అని నన్ను అడిగేవారు హినోకుమా గారు. నేను తల ఊపేదాన్ని. ఆ గొంతు, బార్లీ టీ వాసన, కిటికీలోంచి సరస్సు గాలి. అవన్నీ ఎప్పటికీ ఉంటాయనుకున్నాను.

ఏళ్ళ తరబడి కిమ్మనకుండా మా వాటాలు పట్టుకున్న బ్యాంకు వాటిని అమ్మేసింది. కొన్నది బయటిదేశపు పెట్టుబడి సంస్థ. పోత షెడ్డును అమ్మేయమంది. మా కంపెనీ పెద్దలు సరేనన్నారు. షెడ్డు కొనేవాళ్ళకు కావలసింది యంత్రాలు. అక్కడి నలభై ముగ్గురు మనుషులు కాదు.

ఆ ఏడు రిహార్సల్‌లో హినోకుమా గారు అరవలేదు.

"గొంతు దాచుకుంటున్నారా ఏంటి?" అన్నారు తెరసావా గారు.

"షెడ్డువాళ్ళకి పని ఎక్కడ చూస్తున్నారు?"

"రేపు ఆ మాట ఎత్తకండి మహానుభావా! రిటైర్మెంటుకి ఎనిమిది నెలలుంది మీకు."

మర్నాడు సభలో షెడ్డు అమ్మే తీర్మానం చదివారు. హాలంతా నిశ్శబ్దం. కాసేపటికి వెనకనుంచి ఇంకెవరో "అభ్యంతరం లేదు!" అని అరిచారు. చప్పట్లు మోగాయి. వెనక వరసలవాళ్ళకు కనబడింది హినోకుమా గారి వీపు మాత్రమే.

ప్రశ్న అడిగేవారికి మైకు అందించే పని ఆ రోజు నాది. నేను పక్కగోడ దగ్గర నిలబడి ఉన్నాను. ఆ నిశ్శబ్దంలో హినోకుమా గారు గుండెల దాకా చెయ్యి ఎత్తి నావైపు చూశారు. వెళ్ళొద్దని తెరసావా గారు కళ్ళతో సైగ చేశారు. నేను వెళ్ళలేదు.