గొడ్డలి తాతకు కొలతలు

మా పిన్నికి ఒక్కటే పిచ్చి. క్రిస్మస్ రోజు మనుషులు చచ్చే సినిమాలు తప్ప ఇంకేవీ చూడదు. ఊరంతా ఆ రోజు నక్షత్రాలు వేలాడదీసుకుంటే, ఆవిడ టీవీ నిండా గొడ్డళ్ళు పట్టుకున్న క్రిస్మస్ తాతలే. పొగగొట్టంలోంచి దిగేది బహుమతి కాదు, శవం. పిన్నిది టైలరింగు. అందుకని వీధిలో అందరూ ఆవిణ్ణి 'హత్యల టైలరమ్మ' అనేవారు. ఆవిడ కోప్పడలేదు సరికదా, ఆ పేరు షాపు బోర్డు మీద రాయిస్తే ఎలా ఉంటుందని రెండు రోజులు ఆలోచించింది.

అసలు తమాషా అంతా ఆవిడ సినిమా చూసే పద్ధతిలో ఉంది. డిసెంబరు నెలంతా దుకాణాలకు తాత వేషాలు కుట్టి పెట్టిన చెయ్యి మరి. తెరమీద ఇంటిల్లిపాదీ గజగజలాడుతుంటే ఈవిడ కళ్ళద్దాలు సవరించుకునేది.

"చంకలో పట్టేసింది చూడు. ఆ చొక్కాతో గొడ్డలెత్తితే కుట్టు ఊడదూ?"

"పిన్నీ, అక్కడ మనిషి చస్తున్నాడు."

"చావనీ. వాడి ప్యాంటు మడత మాత్రం సరిగ్గా ఉందా?"

ఒకసారి తలుపు వెనక హంతకుడు, తలుపు ముందు పిల్ల. అందరం ఊపిరి బిగబట్టాం. "ఆ టోపీ అంచుకి వేసింది బొచ్చు కాదు, ఉత్త దూది" అని పిన్ని తీర్పు చెప్పింది. పక్కనున్న ఆసుపత్రి నర్సమ్మ తాగుతున్న టీ ముక్కులోంచి వచ్చింది.

ఈ సినిమాలకు ఏటా ముగ్గురు ఖాయం. ఆ నర్సమ్మ, పెళ్ళాం వదిలేసిన బస్సు డ్రైవరు, పై అంతస్తులో ఒంటరిగా ఉండే లెక్కల మాస్టారు. మధ్యాహ్నం మూడింటికి వచ్చి, మిషన్లు గోడకు జరిపి, బట్టలు కత్తిరించే బల్ల చుట్టూ చేరేవారు. నేనూ అప్పుడప్పుడు వింత చూడటానికి వెళ్ళేదాన్ని. "మీ పిచ్చాసుపత్రికి ఇంకో వార్డు ఎప్పుడు కడతారే?" అని మా అమ్మ తన చెల్లెల్ని వెక్కిరించేది. అమ్మకు క్రిస్మస్ అంటే ప్రాణం. నెల ముందే చెట్టు నిలబెట్టి, పాటలతో మా చెవులకు తూట్లు పొడిచేది.

ఆ అమ్మ అక్టోబరులో పోయింది.

డిసెంబరు వచ్చేసరికి వీధిలో నడవడమే నాకు గండమైంది. ఏ షాపు ముందుకెళ్ళినా అమ్మ పాటలే. "పండగ పూట దిగులేంటమ్మా, నవ్వాలి" అని కనబడ్డవాళ్ళందరూ చెప్పేవారు. క్రిస్మస్ రోజు తలుపు గడియ పెట్టుకుని పడుకుందామనుకున్నాను. పొద్దున్నే పిన్ని ఫోన్ చేసింది.

"మూడింటికి రా. ఏడు హత్యలున్నాయి."

"నావల్ల కాదు పిన్నీ."

"నవ్వక్కర్లేదు. తల కూడా దువ్వుకోనక్కర్లేదు. వచ్చి కూర్చో, చాలు."

వెళ్ళాను. నిజంగానే తల దువ్వుకోలేదు. ఎవరూ శుభాకాంక్షలు చెప్పలేదు. డ్రైవరు కాస్త జరిగి చోటిచ్చాడు. రెండో హత్యకు అందరూ కెవ్వుమన్నారు. ఆ సందట్లో నేను భోరుమన్నాను. నర్సమ్మ తెరమీంచి చూపు తిప్పకుండానే రుమాలు అందించింది. అప్పుడు చూశాను, పిన్ని రెండు చేతులా బల్ల అంచుని గట్టిగా పట్టుకునుంది.

"నీకు భయమా?" అని చెవిలో అడిగాను.

"చచ్చేంత. అందుకే మొహాలు చూడను, బట్టలు చూస్తాను."

"మరి పదేళ్ళుగా ఎందుకీ శిక్ష?"

"మీ బాబాయి చనిపోయిన ఏడాది క్రిస్మస్‌కి నవ్వుల సినిమా పెట్టుకున్నానే. గొంతుకడ్డం పడింది. ఇక్కడైతే ఏడ్చినా, కేకపెట్టినా ఎందుకని ఎవరూ అడగరు. వీళ్ళకీ అలాంటి చోటొకటి ఉండాలి కదా." ముక్కు తుడుచుకుని, "మా అక్క చూస్తే చెడామడా తిట్టేది" అంది.

ఇన్నేళ్ళూ ఆవిణ్ణి చూసి నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. తలుచుకుంటే సిగ్గేస్తుంది. దానికి రెండింతలు కృతజ్ఞత. ఆ మాట అప్పుడే చెబుదామంటే వ్యవధి లేకపోయింది. తాత గొడ్డలెత్తాడు, పిన్ని నా భుజంలో మొహం దాచుకుంది.

"చచ్చాడా?"

"ఇంకా లేదు పిన్నీ."

"అయ్యాక చెప్పు."

నేను కళ్ళు తుడుచుకుని, ఆవిడ తరఫున చూడటం మొదలుపెట్టాను.